జియానా, థ్రెడ్‌రిప్పరా: తగవు మూలం 2020లో ఉంది

విజయవాడ గవర్నర్‌పేట కంప్యూటర్ దుకాణాల్లోనూ, గుంటూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కళాశాలల కొనుగోలు కమిటీల్లోనూ పాత తగవు మళ్లీ లేచింది. ల్యాబులకు, డిజైన్ ఆఫీసులకు కొనే పెద్ద మెషీన్లలో (వర్క్‌స్టేషన్లలో) ఇంటెల్ జియాన్ ప్రాసెసర్ ఉండాలా, ఏఎండీ థ్రెడ్‌రిప్పర్ ఉండాలా అన్నదే ఆ తగవు. అయితే ఈసారి నిప్పు రాజేసింది ప్రాసెసర్ కాదు, మెమొరీ (ర్యామ్). ఏఐ డేటా కేంద్రాలు చిప్పులను ఊడ్చుకుపోతుండడంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు కొండెక్కాయి. వినియోగదారులకు ‘క్రూషియల్’ పేరుతో ర్యామ్ అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు మైక్రాన్ ఆ డిసెంబరులోనే ప్రకటించింది. వర్క్‌స్టేషన్ కొటేషన్ చేతికి రాగానే అందరి కళ్లూ ప్రాసెసర్‌ను దాటి ర్యామ్ వరుస మీద పడుతున్నాయి.

2017లో ఏఎండీ ఎపిక్‌తో సర్వర్లలోకి, థ్రెడ్‌రిప్పర్‌తో వర్క్‌స్టేషన్లలోకి దిగడం, ఇంటెల్ 10 నానోమీటర్ల చిప్ తయారీ పద్ధతి దగ్గర ఏళ్ల తరబడి చతికిలబడడం అందరూ ఎరిగినవే. ఇవాళ్టి వాదనలన్నిటికీ మూలం ఆ తర్వాతి మలుపులో, 2019 నవంబరుకూ 2022 మార్చికీ మధ్య ఉంది.

2019 నవంబరులో ఏఎండీ 32 కోర్లు (లెక్కలు చేసే భాగాలు) ఉన్న థ్రెడ్‌రిప్పర్ 3970ఎక్స్‌ను 1,999 డాలర్లకు తెచ్చింది. అదే నెలలో ఇంటెల్ తన 18 కోర్ల ఐ9 ప్రాసెసర్ ధరను ఒక్కసారిగా సగానికి, 979 డాలర్లకు దించింది. 2020 ఫిబ్రవరిలో 3990ఎక్స్ వచ్చింది: 64 కోర్లు, 3,990 డాలర్లు. అప్పటికి ఇంటెల్ సాధారణ సర్వర్ సాకెట్‌లో (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూటిలో) పట్టే పెద్ద జియాన్‌కు 28 కోర్లు, ధర పది వేల డాలర్లు. రెండు వరుసల లెక్కతో వాదన ముగిసిపోయినట్టే కనిపించింది. ఆర్కిటెక్ట్‌ల త్రీడీ బొమ్మలు రెండర్ చేసేవారికి అది నిజంగానే ముగిసింది. వీ-రే, బ్లెండర్ లాంటి రెండరింగ్ సాఫ్ట్‌వేర్లు ఎన్ని కోర్లిచ్చినా తినేస్తాయి.

కానీ 3990ఎక్స్‌కు మెమొరీ చానళ్లు, అంటే ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య దారులు, నాలుగే. ర్యామ్ 256 జీబీ దాటదు, పెద్ద సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ ర్యామ్ పట్టదు. మిర్చి యార్డులో అరవై నాలుగు మంది హమాలీలను దించి కాటాలు నాలుగే పెడితే బస్తాలు ఎంత చురుగ్గా కదులుతాయో, ద్రవ ప్రవాహాల సిమ్యులేషన్ నడిపేటప్పుడు ఆ ప్రాసెసర్ పనీ అంతే. 2019 నాటి జియాన్ డబ్ల్యూ-3275లో కోర్లు 28 మాత్రమే అయినా చానళ్లు ఆరు, ర్యామ్ 1 టీబీ వరకు. కళాశాలల మెకానికల్ విభాగాల వారు అప్పట్లో జియాన్ వైపు మొగ్గడాన్ని మొండితనం అనలేం. పైగా థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనుల వరుసలు, 3990ఎక్స్‌లో కోరుకు రెండు) 64 దాటితే విండోస్ వాటిని రెండు గుంపులుగా విడదీస్తుంది. అప్పటి చాలా సాఫ్ట్‌వేర్లకు రెండో గుంపు కనిపించేదే కాదు.

ఏఎండీకి ఈ లోటు తెలియక కాదు. 2020 జులైలో థ్రెడ్‌రిప్పర్ ప్రో ప్రకటించింది. అవే 64 కోర్లు, కానీ ఎనిమిది చానళ్లు, 2 టీబీ దాకా రిజిస్టర్డ్ ర్యామ్. అసెంబ్లింగ్ దుకాణాల వారు చెప్పే కథ ఇక్కడే మొదలవుతుంది. జియాన్ పక్షం వాదనకు ప్రో సరైన జవాబు. ఆ జవాబు మాత్రం దుకాణాల వారి చేతికి రాలేదు, బ్రాండెడ్ మెషీన్లకే పరిమితమైంది. మొదట దొరికింది లెనోవో పీ620లోనే. విడిగా ప్రాసెసర్, మదర్‌బోర్డు అమ్మకానికి వచ్చేసరికి 2021 అయింది. 64 కోర్ల దాని ధర సుమారు 5,500 డాలర్లు. 2022 మార్చిలో తర్వాతి తరం ప్రో వచ్చినప్పుడూ తొలి వాటా మళ్లీ లెనోవోదే.

అంతకన్నా పెద్ద దెబ్బ మామూలు థ్రెడ్‌రిప్పర్ కొన్నవారికి తగిలింది. 2019 నవంబరులో 3970ఎక్స్‌తో పాటు వచ్చిన టీఆర్ఎక్స్40 మదర్‌బోర్డుల మీద తర్వాతి తరం ప్రాసెసర్ ఏదీ రాలేదు. ఖరీదైన బోర్డు కొని, రెండేళ్లకు ప్రాసెసర్ మారుద్దాం అనుకున్న స్టూడియోలు, వారికి ఆ మాట చెప్పి అమ్మిన దుకాణాలు ఇరుకున పడ్డాయి. ఏఎండీ ప్రాసెసర్ నెమ్మది అని ఆ దుకాణాల వారు ఇప్పటికీ ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. తమ మాట పోయిందన్నదే వారి బాధ. ‘అసెంబుల్డ్ అంటే రేపు బోర్డు దొరకదు’ అనే మాట కొనుగోలు కమిటీల్లో స్థిరపడింది ఆ రోజుల్లోనే. నిజానికి ఇంటెల్ కూడా 2019, 2021, 2023 తరాల వర్క్‌స్టేషన్ జియాన్లకు మూడు వేర్వేరు సాకెట్లు వాడింది. ఆ సంగతి కమిటీల్లో ఎవరూ ఎత్తరు.

బ్రాండెడ్ మెషీన్లు అమ్మేవారి వాదన క్లుప్తం: సాఫ్ట్‌వేర్ కంపెనీల ధ్రువీకరణ ఉంటుంది, పాడైతే ఇంజనీరు చోటికే వస్తాడు, విడిభాగం వస్తుంది. ఈ మూడింటిలో రెండోది మే నెల బెజవాడలో విలువైనదే, కాదనను. 350 వాట్ల ప్రాసెసర్ ఏసీ పాడైన గదిలో నడుస్తుంటే ఇంజనీరు అవసరం ఎక్కువే.

కోర్లు ఎక్కువైతే సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఖర్చూ పెరుగుతుందన్న మాటకు కూడా బలం అదే కాలంలో వచ్చింది. ఒకే సర్వర్‌ను అనేక కంప్యూటర్లుగా వాడుకునే సాఫ్ట్‌వేర్ అమ్మే వీఎంవేర్, 2020 ఏప్రిల్ నుంచి ఒక ప్రాసెసర్ లైసెన్సును 32 కోర్లకే పరిమితం చేసింది. 64 కోర్ల సర్వర్‌కు రెండు కొనాల్సి వచ్చేది.

అసెంబ్లింగ్ వారికి ఇంటెల్ మీద కూడా ఒక పాత కినుక ఉంది. 2016లో ఆ సంస్థ భారత్‌కు మాత్రమే వర్తించేలా వారంటీ విధానం మార్చింది. దేశంలోని అధీకృత పంపిణీదారు దగ్గర కొన్న బాక్స్ (విడిగా పెట్టెలో అమ్మే) ప్రాసెసర్లకే అప్పట్లో ఇక్కడ వారంటీ ఇచ్చేది. దీని మీద పోటీ కమిషన్ 2019లో విచారణకు ఆదేశించింది. అందుకే చాలా దుకాణాలు సెకండ్ హ్యాండ్ ఎపిక్‌ల వైపు జరిగాయి. ఎస్‌పీ3 సాకెట్ మీద ఎపిక్ మూడు తరాలు నడిచింది, ఎనిమిది చానళ్లు ఉన్నాయి, డేటా కేంద్రాలు వదిలించుకున్న సరుకు చవక. ఒక్కటే చిక్కు: కొన్ని కంపెనీల సర్వర్లు తమలో పెట్టిన ఎపిక్‌ను శాశ్వతంగా తమ బోర్డులకే కట్టేస్తాయి. అలాంటి ప్రాసెసర్‌ను వేరే బోర్డులో పెడితే మెషీన్ లేవదు. కొనేముందు అది ఎక్కడి నుంచి ఊడదీసిందో అడగాలి.

ఇక టెండర్ కాగితాల సంగతి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి 2017, 144వ నిబంధన ప్రకారం స్పెసిఫికేషన్‌లో ఫలానా బ్రాండ్ కావాలని వీలైనంత వరకు రాయకూడదు. రాష్ట్ర సంస్థలకు వేరే నియమాలున్నాయి, ప్రైవేటు కళాశాలలకు అవీ వర్తించవు. పాత కాగితానికే తేదీ మార్చి వాడే అలవాటు మాత్రం అన్నిచోట్లా ఒకటే. 2020లో సరైన కారణంతో రాసిన ‘జియాన్’ అనే మాట, ఆ కారణం పోయాక కూడా అలాగే ఉండిపోయింది. బ్రాండ్ తీసేసి చానళ్ల సంఖ్య రాస్తే చాలునని దుకాణదారులు అడుగుతున్నారు. న్యాయమైన కోరికే.

2023 తర్వాత రెండు పక్షాల మధ్య సాంకేతిక దూరం తగ్గింది. ఆ ఫిబ్రవరిలో వచ్చిన జియాన్ డబ్ల్యూ9-3495ఎక్స్‌లో 56 కోర్లు, ఎనిమిది చానళ్లు. మామూలు థ్రెడ్‌రిప్పర్ 2023 నవంబరులో తిరిగొచ్చింది, ఈసారి రిజిస్టర్డ్ ర్యామ్‌తో; 2025లో తర్వాతి తరం అదే సాకెట్‌లో వచ్చింది. కానీ మామూలు, ప్రో అన్న 2020 నాటి చీలిక అలాగే ఉంది. 2025 తరంలో 64 కోర్ల 9980ఎక్స్ ధర 4,999 డాలర్లు. అన్నే కోర్లున్న ప్రో 9985డబ్ల్యూఎక్స్ 7,999. మిగతా 3,000 డాలర్లు ప్రధానంగా ఎనిమిది చానళ్లకూ, గ్రాఫిక్స్ కార్డుల లాంటివి తగిలించే అదనపు పీసీఐ లేన్లకూ.

ఆ డబ్బు ఎవరికి దండగ? అమరావతి పనుల మీద ఉన్న డిజైన్ ఆఫీసుల్లో రోజంతా నడిచే భవన డిజైన్ సాఫ్ట్‌వేర్ రెవిట్‌కు రెండు ప్రాసెసర్లూ దండగే. దానికి కావలసింది వేగంగా నడిచే కొద్ది కోర్లు, మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్ సరిపోతుంది. అన్సిస్ లాంటి సిమ్యులేషన్లకు చానళ్లు కావాలి. నాలుగు గ్రాఫిక్స్ కార్డులు పెట్టే ఏఐ ల్యాబుకు లేన్లు కావాలి.

చానళ్లకు డబ్బు పెట్టినవారు కూడా వాటిని నింపాలి. ఎనిమిది స్లాట్లలో ఎనిమిది మాడ్యూళ్లు (ర్యామ్ పలకలు) ఉంటేనే ఎనిమిది చానళ్లు పనిచేస్తాయి. రెండే పెడితే పావు వంతు వేగమే దక్కుతుంది. పాత టెండర్ కాగితాల్లో ‘128 జీబీ’ అని ఉంటుంది, ఎన్ని మాడ్యూళ్లన్నది ఉండదు. ర్యామ్ ఈ ధరలో ఉండగా, తక్కువ ధర కోట్ చేసినవారికే ఆర్డరు దక్కే పద్ధతిలో, జియాన్ మెషీన్‌లో రెండు 64 జీబీ మాడ్యూళ్లు పెట్టి ఇస్తే నిబంధనల ప్రకారం తప్పు పట్టడానికి ఏమీ ఉండదు.