ఇబాదాన్ ప్రశ్న, షికాగో ప్రయోగశాల: ఒలోపాడే పరిశోధనకు వెనుక కథ

రొమ్ము క్యాన్సర్‌కు వంశపారంపర్య మూలాలు ఉంటాయని తేల్చిన తొలి అధ్యయనాలు ఎక్కువగా ఐరోపా సంతతి కుటుంబాల మీదనే జరిగాయి. 1990లో మేరీ-క్లెయిర్ కింగ్ బృందం 17వ క్రోమోజోము మీద ఆచూకీ పట్టిన, దెబ్బతింటే రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ1 జన్యువును 1994లో మరో బృందం వేరుచేసింది. ఆఫ్రికా మహిళల్లో దాని పాత్ర ఏమిటో అప్పటికి ఎవరూ గట్టిగా వెతకలేదు. ఆ వెలితిని పూరించడానికే నైజీరియాలో పుట్టిన ఒలుఫున్మిలాయో ఒలోపాడే తన వృత్తిజీవితంలో ప్రధాన భాగాన్ని వెచ్చించారు.

ఆంగ్లికన్ పాస్టరు ఇంట్లో పుట్టిన ఆమె 1980లో నైజీరియాలోని ఇబాదాన్ విశ్వవిద్యాలయంలో వైద్యపట్టా పుచ్చుకున్నారు. షికాగోలోని కుక్ కౌంటీ ఆసుపత్రిలో శిక్షణ పొందాక, 1987లో షికాగో విశ్వవిద్యాలయంలో ఫెలోగా చేరి, లుకేమియా (రక్తక్యాన్సర్) క్రోమోజోముల మార్పులపై పేరుపొందిన జేనెట్ రౌలీ వద్ద పనిచేశారు. 9వ క్రోమోజోము పొట్టి భుజంలో కొంత భాగం క్యాన్సర్ కణాల్లో ఊడిపోవడాన్ని అక్కడే పరిశీలించారు.

స్వదేశానికి వెళ్లినప్పుడు ఇబాదాన్‌లో కనిపించిన రోగులు ఆమెను కలవరపెట్టారు: చాలామంది చిన్న వయసువారు, వ్యాధి అప్పటికే ముదిరినవారు. సూక్ష్మదర్శిని కింద కణితి ముక్కకు రంగు వేస్తే, ఈస్ట్రోజెన్ హార్మోనును అందుకునే గ్రాహకం ఉన్న కణాల కేంద్రకాలు గోధుమరంగుకు తిరుగుతాయి. ఇలాంటి రోగుల్లో చాలామంది స్లైడ్‌లలో నీలమే మిగులుతుంది, అంటే ఆ గ్రాహకం లేదన్నమాట. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్, హెర్2 గ్రాహకాలు మూడూ లేని కణితులకు ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే మందు టామోక్సిఫెన్ పనిచేయదు. ఆఫ్రికా సంతతి మహిళల్లో ఈ రకం ఎక్కువగా కనిపించడం పేదరికం, ఆలస్యపు చికిత్సలతో మాత్రమే వివరించగలిగేది కాదని, జీవశాస్త్రపరమైన కారణం కూడా ఉందని ఆమె పట్టుబట్టారు. నా దృష్టిలో 2005లో వచ్చిన మెకార్థర్ ఫెలోషిప్ అనే ప్రతిష్ఠాత్మక అమెరికా గౌరవం కన్నా ఈ పట్టుదలే పెద్దది.

1998 నుంచి ఇబాదాన్‌లో రోగుల రక్తనమూనాలను సేకరిస్తూ వచ్చిన అధ్యయనం 2018లో ఫలితమిచ్చింది. 1,136 మంది రోగుల్లో దాదాపు ఎనిమిదిమందికి ఒకరిలో బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2, పీఏఎల్‌బీ2, టీపీ53 జన్యువుల్లో ఏదో ఒకదానిలో పుట్టుకతో వచ్చిన హానికర మార్పు కనబడింది. ఒక్క బీఆర్‌సీఏ1దే సుమారు 7 శాతం. అదే ఏడాది అమెరికాలో ఓలాపరిబ్ అనే క్యాన్సర్ మాత్రకు బీఆర్‌సీఏ మార్పులున్న రొమ్ము క్యాన్సర్ రోగుల కోసం అనుమతి లభించింది. ఆ మాత్ర ఎవరికి ఇవ్వాలో తెలియాలంటే ముందు జన్యుపరీక్ష జరగాలి. ఇబాదాన్ రోగికి ఆ పరీక్షను అందుబాటులోకి తేవడమే ఇప్పుడు చేయవలసిన పని.