మాలా-ఎన్ పట్టీ వెనుక చరిత్ర

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రల పట్టీలో 28 మాత్రలుంటాయి. అందులో 21 హార్మోన్ మాత్రలు. ఒక్కొక్క దానిలో 0.15 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్, 0.03 మిల్లీగ్రాముల ఇథినైల్ ఈస్ట్రడయాల్ ఉంటాయి. మిగతా 7 వేరే రంగులో కనిపించే ఐరన్ మాత్రలు. ఈస్ట్రోజెన్ (ఇథినైల్ ఈస్ట్రడయాల్), ప్రొజెస్టోజెన్ (లెవోనార్జెస్ట్రెల్) అనే రెండు రకాల హార్మోన్లు కలిసి ఉంటాయి కాబట్టి వీటిని మిశ్రమ గర్భనిరోధక మాత్రలంటారు. పట్టీ ఇచ్చే ముందు ఏఎన్ఎం అడిగే ప్రశ్నలు, అంటే బీపీ ఉందా, బిడ్డకు పాలిస్తున్నారా, టీబీ మందులు వాడుతున్నారా వంటివి, ఒక్కొక్కటీ ఒక్కో కాలంలో, ఒక్కో చేదు అనుభవం తర్వాత ఈ జాబితాలోకి వచ్చి చేరాయి. వాటిలో కొన్ని విషయాలను మాత్ర వేసుకున్న స్త్రీలే ముందుగా చెప్పారని, ఆ మాటను లెక్కలోకి తీసుకోవడానికి వైద్య వ్యవస్థకు ఏళ్లు పట్టిందని చరిత్ర చూస్తే అర్థమవుతుంది.

మాత్రకు ముడిసరుకు మెక్సికో అడవుల్లోని ఒక జాతి దుంప నుంచి వచ్చింది. ఆ దుంపలోని డయోస్జెనిన్ అనే పదార్థం నుంచి ప్రొజెస్టెరాన్‌ను పెద్ద ఎత్తున తయారుచేయవచ్చని 1940లలో రసెల్ మార్కర్ నిరూపించాడు. ఆయన భాగస్వామిగా మెక్సికో నగరంలో మొదలైన సింటెక్స్ సంస్థలో 1951లో జార్జ్ రోజెన్‌క్రాంజ్, కార్ల్ జెరాసీ, లూయిస్ మిరమోంటెస్ కలిసి నోటి ద్వారా తీసుకున్నా పనిచేసే నోరెథిస్టెరాన్ అనే కృత్రిమ ప్రొజెస్టోజెన్‌ను తయారుచేశారు. పండుగలకూ పెళ్లిళ్లకూ నెలసరిని వాయిదా వేయడానికి మన ఇళ్లలో వాడే 5 మిల్లీగ్రాముల మాత్రలో ఉన్నది ఈ నోరెథిస్టెరానే. అయితే వాయిదా కోసం నాలుగు రోజులు వేసుకునే ఆ మాత్రను గర్భనిరోధకంగా భావించకూడదు. రెండూ ‘హార్మోన్ మాత్రలే కదా’ అనుకుని ఒకదాని స్థానంలో మరొకటి వాడితే గర్భం వచ్చే అవకాశం అలాగే ఉంటుంది.

మాత్ర కావాలని పట్టుబట్టినవారు మాత్రం రసాయన శాస్త్రవేత్తలు కారు. కుటుంబ నియంత్రణ ఉద్యమకారిణి మార్గరెట్ శాంగర్, ఆమె మాట మీద తన ఆస్తిలోంచి డబ్బిచ్చిన కేథరిన్ మెక్‌కార్మిక్, మసాచుసెట్స్‌లోని వూస్టర్ ఫౌండేషన్ పరిశోధకుడు గ్రెగరీ పింకస్‌ను ఈ పనికి పురమాయించారు. పింకస్‌తో పాటు మిన్ చూ చాంగ్ జంతువుల మీద, జాన్ రాక్ అనే స్త్రీవైద్య నిపుణుడు తన రోగుల మీద పరీక్షలు చేశారు. శాంగర్‌కు మన దేశం కొత్త కాదు. 1935 చివర్లో వార్ధాలో గాంధీజీని కలిసి కృత్రిమ గర్భనిరోధక సాధనాలకు ఆయన మద్దతు కోరి, అది దొరకక తిరిగి వెళ్లిందామె. 1952లో బొంబాయిలో జరిగిన అంతర్జాతీయ సదస్సులో కూడా ఆమెది ముఖ్య పాత్ర.

మసాచుసెట్స్ చట్టం అప్పట్లో గర్భనిరోధక సాధనాలను నిషేధించడంతో పెద్ద ఎత్తున పరీక్షించడానికి 1956లో ప్యూర్టోరికోను ఎంచుకున్నారు. రాజధాని శాన్ హువాన్ పక్కనున్న రియో పియెద్రాస్‌లో ప్రభుత్వం పేదలకు కట్టించిన ఇళ్లలోని స్త్రీలకు మాత్రలు పంచారు. పిల్లలు వద్దనుకున్న వారికి మాత్ర పనిచేస్తుందని చెప్పారు గానీ, ఇది ఇంకా ప్రయోగ దశలో ఉన్న మందని చెప్పలేదు. అక్కడ పనులు చూసిన వైద్యురాలు ఎడ్రిస్ రైస్-రే, సరిగ్గా వేసుకుంటే మాత్ర గర్భాన్ని పూర్తిగా ఆపుతోందని, అయితే దాదాపు 17 శాతం మంది వికారం, తల తిరగడం, తలనొప్పి, వాంతుల గురించి చెబుతున్నారని, ఇన్ని ఇబ్బందులున్న మందు అందరికీ ఆమోదయోగ్యం కాదని నివేదించింది. పింకస్, రాక్‌లు ఆ బాధల్లో చాలావరకు మనసు కల్పించుకున్నవేనని కొట్టిపారేశారు. ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ఇదేనని చెప్పవచ్చు, ఎందుకంటే ఆ మాత్రలో మోతాదు నిజంగానే మితిమీరి ఉంది.

ఆ మోతాదులోకి ఈస్ట్రోజెన్ వచ్చిన తీరు కూడా విచిత్రమే. మొదట్లో ప్రొజెస్టోజెన్ ఒక్కటే ఇస్తున్నామని పరిశోధకులు అనుకున్నారు. సెర్ల్ కంపెనీ తయారుచేసిన నోరెథైనోడ్రెల్ అనే ప్రొజెస్టోజెన్‌లో మెస్ట్రనాల్ అనే ఈస్ట్రోజెన్ కల్తీగా కలిసి ఉందని తర్వాత తెలిసింది. దాన్ని తొలగించి ఇస్తే నెల మధ్యలో రక్తస్రావం మొదలైంది. దాంతో మెస్ట్రనాల్‌ను మళ్లీ, ఈసారి కావాలనే, కొలిచి కలిపారు. మిశ్రమ మాత్ర అలా పుట్టింది. 1957లో నెలసరి ఇబ్బందులకు, 1960లో గర్భనిరోధానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించిన ఎనోవిడ్ మాత్రలో దాదాపు 10 మిల్లీగ్రాముల నోరెథైనోడ్రెల్, 150 మైక్రోగ్రాముల మెస్ట్రనాల్ ఉండేవి. మెస్ట్రనాల్ శరీరంలోకి వెళ్లాక ఇథినైల్ ఈస్ట్రడయాల్‌గా మారుతుంది. ఆ లెక్కన చూసినా, నేటి మాలా-ఎన్‌లోని 30 మైక్రోగ్రాములకు అది మూడింతలకు పైనే.

అనుమతి వచ్చిన మరుసటి ఏడాదే, 1961లో, ఇంగ్లండ్‌లోని సఫోక్‌కు చెందిన ఒక వైద్యుడు ఆ మాత్ర వాడిన నర్సుకు ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందని లాన్సెట్ పత్రికకు రాశాడు. ఒక్క కేసుతో ఏమీ తేలదు కాబట్టి వాదోపవాదాలు సాగాయి. 1968లో బ్రిటన్‌లో ఇన్‌మన్, వెస్సీ చేసిన అధ్యయనం మాత్రకూ సిరల్లో రక్తం గడ్డకట్టడానికీ సంబంధం ఉందని చూపింది. ఈస్ట్రోజెన్ మోతాదు ఎక్కువైన కొద్దీ ముప్పు పెరుగుతోందని కనిపించడంతో 1969 డిసెంబరులో అక్కడి ఔషధ భద్రతా కమిటీ 50 మైక్రోగ్రాములకు మించిన మాత్రలను మానుకోమని వైద్యులకు సూచించింది. అమెరికాలో 1970 జనవరిలో సెనెటర్ గేలార్డ్ నెల్సన్ అధ్యక్షతన విచారణ మొదలైతే, మాత్ర వాడిన స్త్రీలను ఒక్కరినీ సాక్షిగా పిలవకపోవడాన్ని నిలదీస్తూ కొందరు మహిళలు సభలోనే లేచి ప్రశ్నలు వేశారు. ఆ గొడవ వల్లనే అదే ఏడాది మాత్రల ప్యాకెట్‌లో వాడేవారు చదువుకునేందుకు సమాచార పత్రం పెట్టాలన్న నియమం వచ్చింది. మందుల డబ్బాలో మనం చూడకుండా పారేసే సన్నని అక్షరాల కాగితానికి ఇంత పోరాటం ఉంది.

ముప్పును అంకెల్లో చెప్పడం, దాన్ని జనం అర్థం చేసుకోవడం రెండు వేరు విషయాలని 1995లో తేలింది. ఆ అక్టోబరులో బ్రిటన్ అధికారులు డెసోజెస్ట్రెల్, జెస్టొడీన్ అనే ప్రొజెస్టోజెన్‌లు ఉన్న కొత్త మాత్రలతో గడ్డకట్టే ముప్పు పాతవాటికన్నా రెట్టింపు ఉందని హెచ్చరించారు. లక్ష మందిలో ఏడాదికి 15 కేసులు 30 అవుతాయని, గర్భంతో ఉన్నప్పుడు అదే ముప్పు 60 అని వారి లెక్క. ‘రెట్టింపు’ అన్న మాటే పత్రికలకెక్కడంతో ఎందరో స్త్రీలు పట్టీ మధ్యలోనే మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది అబార్షన్ల సంఖ్య పెరిగింది. ప్రస్తుతం యూరప్ ఔషధ సంస్థ ఒప్పుకునే లెక్క ప్రకారం, మాత్ర వాడని పదివేల మందిలో ఏడాదికి సుమారు ఇద్దరికి, లెవోనార్జెస్ట్రెల్ మిశ్రమ మాత్ర వాడేవారిలో 5 నుంచి 7 మందికి, డ్రోస్పిరినోన్ అనే మరో ప్రొజెస్టోజెన్ ఉన్న మాత్రలతో 9 నుంచి 12 మందికి ఇలా గడ్డ కడుతుంది. పీసీఓడీ కోసం, మొటిమల కోసం మన నగరాల్లో అమ్మాయిలకు రాసే హార్మోన్ మాత్రల్లో డ్రోస్పిరినోన్ గానీ సైప్రొటెరోన్ గానీ ఉండటం సాధారణం. పేరు వేరైనా ఇవీ మిశ్రమ మాత్రలే కాబట్టి జాగ్రత్తలన్నీ వీటికీ వర్తిస్తాయి. ఒక కాలు వాచి నొప్పి పెట్టడం, ఉన్నట్టుండి ఛాతీలో నొప్పి లేదా ఆయాసం, ఎన్నడూ లేనంత తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, మాట తడబడటం, కడుపులో తీవ్రమైన నొప్పి వంటివి కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

క్యాన్సర్ విషయంలో చిత్రం ఒకే వైపు లేదు. మాత్ర వాడుతున్న కాలంలో రొమ్ము క్యాన్సర్ ముప్పు స్వల్పంగా పెరిగి, మానేశాక క్రమంగా తగ్గుతుంది. ఎక్కువ ఏళ్లు వాడితే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు కొంత పెరుగుతుంది. అండాశయ, గర్భాశయ క్యాన్సర్ల ముప్పు మాత్రం తగ్గుతుంది, ఆ రక్షణ మానేసిన తర్వాత కూడా చాలా ఏళ్లు నిలుస్తుంది.

ఎవరు వాడవచ్చో ఎవరు వాడకూడదో ఒక్కచోట చేర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో అర్హతా ప్రమాణాలను ప్రచురించింది. ఒక్కో ఆరోగ్య పరిస్థితినీ నాలుగు వర్గాల్లో ఒకదానిలో ఉంచే ఆ పద్ధతినే మన దేశం సహా చాలా దేశాలు అనుసరిస్తున్నాయి. బీపీ 160/100 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నవారు, గతంలో సిరల్లో గడ్డ కట్టినవారు, గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవారు, రొమ్ము క్యాన్సర్ ఉన్నవారు, తీవ్రమైన కాలేయ వ్యాధి ఉన్నవారు దీన్ని వాడకూడదు. తలనొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనిపించే రకం మైగ్రేన్ ఉన్నవారికి పక్షవాతం ముప్పు ఎక్కువ కాబట్టి వారికీ కూడదు. బీపీ 140/90కి చేరినా వేరే పద్ధతి చూసుకోవడం మంచిది. అందువల్ల మాత్ర మొదలుపెట్టే ముందు ఒక్కసారైనా బీపీ చూపించుకోవడం తప్పనిసరి అని చెప్పాలి. మందుల షాపులో నేరుగా కొనుక్కునేవారికి జరగకుండా పోయే పని ఇదే. 35 ఏళ్లు దాటి పొగతాగేవారు కూడా ఈ జాబితాలోని వారే. మన దగ్గర ఆడవాళ్లు సిగరెట్ తాగరనే ఉద్దేశంతో ఆ ప్రశ్న అడగకుండా వదిలేయడం కద్దు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీలున్నారని వైద్య పరిశోధనల్లో దశాబ్దాల క్రితమే నమోదైన సంగతిని గుర్తుంచుకుంటే ఆ ప్రశ్న మానడానికి వీల్లేదు.

మాత్ర మరచిపోవడం మరో పెద్ద చరిత్ర. 1960ల ఆరంభంలో మాత్రలు సీసాలో విడిగా వచ్చేవి. తన భార్య ఆ రోజు మాత్ర వేసుకుందో లేదో ఇద్దరికీ గుర్తుండక ఇబ్బంది పడిన డేవిడ్ వాగ్నర్ అనే అమెరికన్ ఇంజినీరు 1962లో రోజులవారీగా తిరిగే గుండ్రటి పెట్టెకు పేటెంట్ కోరాడు. నేటి పట్టీలకు మూలం అదే. హార్మోన్ మాత్రలు లేని వారం రోజుల విరామం మాత్రం శరీరానికి అవసరమై పెట్టినది కాదు. నెలనెలా రక్తస్రావం కనిపిస్తే సహజంగా ఉంటుందని, గర్భం రాలేదన్న భరోసా కలుగుతుందని తొలి పరిశోధకులు పెట్టిన ఏర్పాటది. ఆ విరామం వల్ల ఆరోగ్యపరంగా ప్రత్యేక లాభమేమీ లేదని బ్రిటన్ నిపుణుల సంఘం 2019 మార్గదర్శకాల్లో రాసింది. మాలా-ఎన్‌లో ఆ 7 రోజులకు ఐరన్ మాత్రలు పెట్టడం వల్ల రోజూ మాత్ర వేసుకునే అలవాటు తప్పదు, రక్తహీనతకూ కొంత మేలు. ఐరన్ మాత్ర మరచిపోతే గర్భం రాదు. కొత్త పట్టీ ఆలస్యంగా మొదలుపెడితే మాత్రం రావచ్చు, ఎందుకంటే విరామంలో మేల్కొన్న అండాశయానికి హార్మోన్ లేని రోజులు మరికొన్ని దొరికితే అండం విడుదలయ్యే దాకా వెళ్లగలదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమాల వెనుక ఉన్న తర్కం ఇదే. ఒక్క హార్మోన్ మాత్ర మరచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, మిగతావి వేళకు వేసుకుంటే సరిపోతుంది. ఒకే రోజున రెండు వేసుకోవలసి వచ్చినా ఫరవాలేదు. వరసగా రెండు లేదా అంతకన్నా ఎక్కువ మరచిపోతే వెంటనే ఒకటి వేసుకుని, వరసగా 7 హార్మోన్ మాత్రలు పూర్తయ్యే వరకు కండోమ్ వాడాలి. ఇది మూడో వారంలో జరిగితే పట్టీలో మిగిలిన హార్మోన్ మాత్రలు పూర్తిచేసి, ఐరన్ మాత్రలు వదిలేసి నేరుగా కొత్త పట్టీ మొదలుపెట్టాలి. మొదటి వారంలో జరిగి, ఆ రోజుల్లో కలయిక ఉంటే అత్యవసర గర్భనిరోధక మాత్ర గురించి డాక్టరును అడగాలి. రెండు రోజులకు మించి వాంతులు గానీ తీవ్రమైన విరేచనాలు గానీ ఉంటే మాత్రలు మరచిపోయినట్టే లెక్క. నెలసరి మొదలైన 5 రోజుల్లోపు పట్టీ మొదలుపెడితే ఆ రోజు నుంచే రక్షణ ఉంటుంది. తప్పకుండా వేసుకుంటే ఏడాదిలో వెయ్యి మందిలో ముగ్గురికి గర్భం వస్తుందని, మామూలు జీవితంలో వాడే తీరులో వందకు ఏడుగురికి వస్తుందని అంచనా.

టీబీ ప్రశ్న 1970ల తొలినాళ్లలో జర్మనీ నుంచి వచ్చింది. రిఫాంపిసిన్ వాడుతూ మాత్రలు తప్పకుండా వేసుకుంటున్న స్త్రీలలో నెల మధ్య రక్తస్రావం, అక్కడక్కడా గర్భం కనిపించడాన్ని అక్కడి వైద్యులు గమనించారు. రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను ప్రేరేపించి హార్మోన్‌ను త్వరగా విరిచేస్తుంది. ఆ ప్రభావం మందు ఆపాక కూడా నాలుగు వారాలు ఉంటుంది. ప్రపంచ టీబీ కేసుల్లో సుమారు నాలుగో వంతు మన దేశానివి, వారిలో అత్యధికులు కనీసం ఆరు నెలలు రిఫాంపిసిన్ వాడేవారు కాబట్టి ఈ ఒక్క విషయం ఐరోపా కన్నా మనకే ఎక్కువ అవసరం. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపీన్ కూడా ఇదే పని చేస్తాయి. జలుబుకో పంటినొప్పికో వాడే అమాక్సిసిలిన్ వంటి యాంటీబయాటిక్‌ల వల్ల మాత్ర పనిచేయదన్న భయానికి మాత్రం ఆధారం దొరకలేదు.

మన దేశం 1952లోనే కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా చేపట్టినా 1960లలో గర్భాశయంలో అమర్చే లూప్ మీద, తర్వాత ఆపరేషన్ల మీద ఆధారపడింది. ఇదే మిశ్రమ మాత్రను తక్కువ ధరకు అమ్మే మాలా-డి టీవీ ప్రకటనల ద్వారా ఇంటింటికీ తెలిసింది 1980ల ద్వితీయార్ధంలోనే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 38 శాతం ఆపరేషన్ చేయించుకున్నారు, మాత్రలు వాడేవారు 5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఆపరేషన్ చేయించుకున్నవారు దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా. ఇరవైల్లోనే ఇద్దరు పిల్లలను కని ఆపరేషన్ చేయించుకునే పద్ధతి స్థిరపడటంతో, మాత్ర వాడటం ఎలాగో తల్లి నుంచి కూతురికి అందే తెలివిడిగా మన దగ్గర మారలేదు.

తెలుగునాట మాత్ర అవసరం ముఖ్యంగా తొలి కాన్పుకూ రెండో కాన్పుకూ మధ్య వస్తుంది. సరిగ్గా అప్పుడే బాలింతకు కాళ్ల సిరల్లో గడ్డకట్టే ముప్పు ఎక్కువగా ఉంటుంది, పాలు తగ్గుతాయన్న అనుమానమూ ఉంటుంది. అందుకే బిడ్డకు పాలిచ్చే తల్లికి కాన్పయిన ఆరు వారాల్లోపు మిశ్రమ మాత్ర అసలు ఇవ్వరు, ఆరు నెలల దాకా సాధారణంగా వద్దంటారు. ఆ కాలానికి కాపర్-టి గానీ, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ (సీడీఆర్ఐ) తయారుచేసిన సెంట్‌క్రోమన్ అనే హార్మోన్ రహిత మాత్ర గానీ వాడుకోవచ్చు. రెండోది ‘ఛాయ’ పేరుతో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో దొరుకుతుంది, మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకసారి వేసుకోవాలి. ఆరు నెలలు నిండాక మాలా-ఎన్‌కు మారదలచినవారు ఆరోగ్య కేంద్రంలో బీపీ చూపించుకుని, గర్భం లేదని నిర్ధారించుకున్నాక పట్టీ మొదలుపెట్టవచ్చు.