గాలి మోసుకెళ్ళే నీళ్ళు

చిరంజీవులైన మనవలకు తాతయ్య ఆశీర్వదించి రాయునది.

పండ్లు, కూరలు ఎండబెట్టే యంత్రం, అదే డీహైడ్రేటర్, ఇంటికి వచ్చిందని అమ్మ ఫోనులో చెప్పింది. “అరటిపండు ముక్కలు ఎండటానికి రాత్రంతా పడుతోంది, వేడి పెంచేస్తే గంటలో అయిపోదా?” అని చిన్నవాడు అడిగాడట. చాలా మంచి ప్రశ్న.

మన సఖినేటిపల్లి రేవు గుర్తుందా? నరసాపురం వెళ్ళే జనం అక్కడ పంటు కోసం, అంటే గోదావరి దాటించే పెద్ద పడవ కోసం ఎదురుచూస్తారు. ముక్కలోని నీళ్ళు ఆ జనం అనుకోండి, గాలే ఆ పంటు. వేడి చేసే పనల్లా జనాన్ని లేపి రేవు దాకా నడిపించడమే. అవతలి ఒడ్డుకు చేర్చేది గాలి. అందుకే ఆ పెట్టెలో హీటరుతో పాటు ఫ్యాను ఉంటుంది. ముసురు రోజుల్లో మన కోనసీమ గాలి ముందే నిండిపోయి వచ్చిన పంటు, ఇక ఎక్కడానికి చోటుండదు. అదే గాలిని 30 డిగ్రీల నుంచి 60కి వేడి చేస్తే నాలుగు రెట్లకు పైగా ఆవిరిని మోస్తుంది. పంటు పెద్దదైందన్నమాట! మరి వేడి ఇంకా పెంచితే? రేవులో నిలబడ్డవాళ్ళు ఒక్క ఉదుటున ఎక్కేస్తారు, వెనకవాళ్ళు వచ్చేసరికి రేవే మూసుకుపోతుంది. ముక్క పైపొర చెక్కులా బిగుసుకుని లోపలి నీళ్ళకు దారి ఉండదు. చేతికి ఎండినట్టే తగులుతుంది, డబ్బాలో పెట్టిన కొన్నాళ్ళకు బూజు పడుతుంది.

మా చిన్నప్పుడు మాగాయ రోజుల్లో, ఉప్పులో ఊరిన మామిడి ముక్కలను పిండి, నులకమంచం మీద పాత పంచె పరిచి ఆరబోసేది మా నాయనమ్మ. కాకులను తోలే ఉద్యోగం నాది. మధ్యాహ్నానికి ముక్కల అంచులు లోపలికి ముడుచుకుని, వాటి మీద ఉప్పు సన్నగా తెల్లగా తేలేది. నేల మీద ఎందుకు పరవవని అడిగితే, “కింద నుంచి కూడా గాలి ఆడాలిరా” అనేది. మీ యంత్రంలో తట్టలకు జల్లెడలా కన్నాలుండేది అందుకే.

ఇక పనిలోకి దిగండి. బాగా పండిన కర్పూర అరటిపండ్లు తీసుకుని అర సెంటీమీటరు మందాన చక్రాలు కోయండి. మందం అన్నిటికీ ఒకటే ఉండాలి, లేకపోతే కొన్ని పెళుసెక్కేసరికి కొన్ని పచ్చిగానే ఉంటాయి. నిమ్మరసం కలిపిన నీళ్ళలో ముంచితే అంతగా నల్లబడవు. ముక్కకు ముక్క తగలకుండా పేర్చి 57 డిగ్రీల దగ్గర పెట్టండి. ఎనిమిది గంటలో, పన్నెండో, ఇంకా ఎక్కువో, అది పండును బట్టి. కరివేపాకుకు 40 డిగ్రీలు మించనివ్వకండి, వాసన ఎగిరిపోతుంది. క్యారెట్టు, చిక్కుడు లాంటివి ముందు మరిగే నీళ్ళలో రెండు మూడు నిమిషాలు ఉంచి తీయాలి. అది మాత్రం అమ్మ చేతికే వదలండి.

ఎండిందో లేదో వేడి మీద తెలియదు. ఒక ముక్క చల్లారనిచ్చి చింపండి. చింపిన చోట తడి మెరవకూడదు. తరువాత గాజు సీసాలో కొంచెం ఖాళీ ఉంచి పోసి, వారం పాటు రోజూ ఒకసారి కుదపండి. సీసా లోపల చెమ్మ కనిపిస్తే ముక్కలన్నీ మళ్ళీ తట్టల్లోకి వెళ్ళాల్సిందే. ఇంత ఓపిక పట్టలేనివాళ్ళు ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది.

పెరట్లో గెల పండితే హస్తాలన్నీ దాదాపు ఒక్కసారే పండుతాయి. ముందు ఇరుగుపొరుగుకు పంచండి, మిగిలినవే తట్టల్లో పెట్టండి. చేతికొచ్చిన పండు కుళ్ళిపోతే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఈసారి తట్టల్లో పెట్టే ముందు ముక్కలను వంటింటి త్రాసులో తూచండి, ఎండాక మళ్ళీ తూచండి. కంటికి కనపడకుండా మీ వంటింటి గాలిలోకి వెళ్ళిపోయిన నీళ్ళు ఎన్ని గ్లాసులో లెక్క కట్టి నాకు ఉత్తరం రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య