వంటలక్క రాత్రికి రాత్రే స్టార్ అయిందా? సీరియల్ వేషాల మీద అపోహలు - వాస్తవాలు

పోయిన వారం షాట్ గ్యాప్‌లో టీ తాగుతుంటే ఫోన్. తాడేపల్లిగూడెం నుంచి ఒక నాన్నగారు. "అమ్మాయికి సీరియల్లో హీరోయిన్ చెల్లెలి వేషం ఓకే అయిందండీ, ఆర్టిస్ట్ కార్డుకీ ఫోటోషూట్‌కీ కలిపి 40 వేలు సాయంత్రం ఆరులోపు కట్టాలంట, కట్టమంటారా?" వద్దండీ అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "20 వేలు నిన్ననే కట్టేశామండీ" అన్నారు.

కో-డైరెక్టర్‌గా పదమూడేళ్ల నుంచి ఇదే ఫోన్, ఊరు మాత్రమే మారుతుంది.

అపోహ: డబ్బు కడితే వేషం వస్తుంది.

రాదు. సీరియల్లో డబ్బు నిర్మాత దగ్గర్నుంచి ఆర్టిస్టుకి వెళ్తుంది, ఎదురు రాదు. అదీ నెలలు ఆగి వెళ్తుందనుకోండి, అది మా వేరే ఏడుపు. పాత్ర ఖాళీ అయితే మేనేజర్లూ మేమూ తెలిసినవాళ్ల ఫోటోలు తిప్పుతాం, రెండు పేజీల సీన్ ఇచ్చి చేయిస్తాం, పాత్ర వేషంలో ఎలా ఉంటారో లుక్ టెస్ట్ తీసి ఛానెల్‌కి పంపుతాం, కాస్త పెద్ద పాత్రయితే వాళ్లు ఊ అంటేనే ఖాయం. ఇందులో మీ ఫోన్‌పేకి పనేముంది? ఆర్టిస్టుల అసోసియేషన్ ఇచ్చే కార్డు అనేది నిజంగానే ఉంది, కానీ దాని ఫీజు అసోసియేషన్ ఆఫీసులో కట్టి రసీదు తీసుకుంటారు, కృష్ణానగర్ టీకొట్టు దగ్గర ఎవడి చేతిలోనో పెట్టరు. పైగా కార్డున్నంత మాత్రాన వేషం రాదు. "సాయంత్రం ఆరులోపు" అన్నాడంటే ఫోన్ పెట్టేయండి. మోసపోయినవాళ్లని నేను తిట్టను. పిల్ల కళ్లలో ఆశ చూశాక ఏ తల్లిదండ్రులైనా కడతారు. కట్టేసి ఉంటే మాత్రం సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి, సైబర్ మోసాల నంబరది.

అపోహ: 'కార్తీకదీపం'లో వంటలక్క దీపగా చేసిన ప్రేమి విశ్వనాథ్ ఒక్క సీరియల్‌తో రాత్రికి రాత్రే స్టార్ అయింది.

బ్రోకర్లు చెప్పే మొదటి ఉదాహరణే వంటలక్క. అసలు సంగతి, 'కార్తీకదీపం' మలయాళం 'కరుత్తముత్తు'కి రీమేక్. 2014లో ఏషియానెట్‌లో మొదలైన ఆ సీరియల్లో హీరోయిన్ కూడా ఈవిడే. అంటే 2017 అక్టోబరులో స్టార్ మాలో దీపగా కనిపించేనాటికే ఆ పాత్ర ఆవిడకి కొట్టినపిండి. ఆ తర్వాత 2023 జనవరి దాకా, 1,500కి పైగా ఎపిసోడ్లు. దీపది నల్లరంగు కాబట్టి ఆవిడకి రంగు తగ్గించే మేకప్. అలాంటి మేకప్ ఉన్న పాత్రతో వేరే సీరియల్లో నేనూ చేశాను: భోజనం చేసొచ్చేసరికి వేళ్ల మీద రంగు పోయి ఉంటుంది, చేతి క్లోజప్ అనగానే మేకప్‌మేన్ స్పాంజి పట్టుకుని పరుగు, లేకపోతే కంటిన్యుటీ పోయి తిట్లు నాకు.

మిగతావి గబగబా.

పాత్ర చచ్చిపోతే ఆర్టిస్టుని తీసేసినట్టు కాదు. 2022లో 'కార్తీకదీపం' కథ ఒక తరం ముందుకి దూకి దీప, ఆమె భర్త డాక్టర్ బాబు చనిపోయారన్నారు, మా అత్తయ్య రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు. అదే ఏడాది ఇద్దరూ తిరిగొచ్చారు. యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు నమ్మకండి తల్లీ.

తెలుగు రాకపోయినా నెట్టుకురావచ్చు, పక్కనుంచి మేం ప్రాంప్టింగ్ ఇస్తాం, డబ్బింగ్ ఉంది. వచ్చినవాళ్లకి మాత్రం రెండో టేక్ తక్కువ పడుతుంది, అది మేనేజర్లు గుర్తుపెట్టుకుంటారు.

నెల జీతం ఉండదు. పని చేసిన రోజుకే లెక్క. కథలో మీ పాత్ర ట్రాక్ ఆగితే ఆ నెల ఖాళీ.

ఫోటోషూట్లు అక్కర్లేదు. మేకప్ లేని మూడు ఫోటోలు, నిమిషం వీడియో చాలు.

నిన్న ఆ అమ్మాయి వీడియో పంపింది. గోడకి ఆనుకుని చెప్పింది, మధ్యలో కుక్కర్ కూసినా ఆగలేదు, నాకు నచ్చింది. తెలిసిన మేనేజర్‌కి పంపాను, పిలుస్తారో లేదో తెలీదని వాళ్ల నాన్నగారికి చెప్పాను.

"దానికెంత అవుతుందండీ?" అన్నారాయన.