దొడ్డి కోడళ్లది, తాళాలు నాయనమ్మవి

చిరంజీవులు బుజ్జికి, చిన్నుకు తాతయ్య దీవెనలు.

బుజ్జీ, కొత్త బూట్ల మీద 'మేడ్ ఇన్ వియత్నాం' అని చూసి అడిగావుగా, "అక్కడ కమ్యూనిస్టు పార్టీ ఒక్కటేనట, మరి ఇన్ని కంపెనీలు ఎట్లా వచ్చాయి తాతయ్యా?" అని. ఫోన్లో తెగే సంగతి కాదు, అందుకే రాస్తున్నా.

నా చిన్నప్పుడు మాది ఉమ్మడి కుటుంబం. పొలం ఉమ్మడి, గాదె ఉమ్మడి, తాళాలగుత్తి మా నాయనమ్మ బొడ్లో. ముగ్గురు కోడళ్లకూ దొడ్లో తలా ఒక మడి ఇచ్చింది, వండుకుంటారో అమ్ముకుంటారో మీ ఇష్టం అని. తెల్లారకముందే మా అమ్మ పేడతట్టతో అక్కడుండేది. ఆమె సొరపాదు పందిరి దాటి గోడెక్కేది. ఉమ్మడి చేలో కలుపు మాత్రం ఒకరి మీద ఒకరు వదిలేసేవాళ్లు. మా అమ్మ సోమరి కాదర్రా. తన కష్టం తన పిల్లల కంచంలోకి వస్తుందంటే ఎవరికైనా చెయ్యి చురుగ్గా ఆడుతుంది.

అప్పట్లో కమ్యూనిస్టుల ఏలుబడిలో ఉన్న ఉత్తర వియత్నాంలోనూ ఇదే కథ. పొలాలు సహకార సంఘాలవి, ఇంటి సాగుకు వదిలింది నూటికి ఐదు పాళ్లు. ఆ మళ్లే కళకళలాడేవి. విన్ ఫుక్ ప్రావిన్సు పార్టీ కార్యదర్శి కిమ్ న్గోక్ 1966లోనే పొలాన్ని కుటుంబాలకు అప్పగించి చూశాడు. పై పెద్దలు తప్పుపట్టి ఆపించారు. ఆయన 1979లో పోయాడు, తన మాట నెగ్గడం చూడకుండానే.

తర్వాత ధరలు ఒక్క ఏడాదిలో ఎన్నో రెట్లయ్యాయి. కూపన్లు పట్టుకుని బియ్యానికి బారులు. 1986 డిసెంబరులో పార్టీ మహాసభే 'దోయ్ మోయ్' అంది, కొత్తగా మార్చుకుందాం అని. 1988లో సాగు కుటుంబాల చేతికొచ్చింది. బియ్యం తెచ్చుకున్న దేశం మరుసటి ఏడాదే పది లక్షల టన్నులకు పైగా బయటికి అమ్మింది! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది నాకు. ఆ తర్వాతే బయటి కంపెనీలు, నీ బూట్లూ.

మరి తాళాలగుత్తో? అది పార్టీ బొడ్లోనే ఉంది. భూమి ఇప్పటికీ జాతి మొత్తానిది, రైతుది సాగు హక్కే. ఇంకో పార్టీ కావాలన్నవాళ్లు జైళ్లకెళ్లారు. మా నాయనమ్మ మంచి మనిషే, కానీ లెక్క అడిగాడని మా బాబాయికి ఒక పూట అన్నం పెట్టలేదు. పదేళ్లవాణ్ణి, అది తప్పనిపించింది. ఇప్పటికీ తప్పే అంటాను. కడుపూ నిండాలి, నోరూ తెరవనివ్వాలి.

బుజ్జీ, ఈ రాత్రి బూటు విప్పి లోపలి కుట్టు వేలితో తడిమి చూడు. ఎంత దగ్గరగా, ఎంత తిన్నగా ఉందో! అది కుట్టిన అమ్మాయి వాళ్లమ్మ, ఒకప్పుడు కూపన్ పట్టుకుని బారులో నిలబడే ఉంటుంది.

మీ
తాతయ్య