సంక్రాంతికి పెరిగిన బరువు: అపోహలు, వాస్తవాలు, ఒక అరిసె లెక్క

ముక్కనుమ వెళ్ళిన మర్నాడు కొత్తపేటలో మా క్లినిక్ షట్టర్ ఎత్తేసరికి మెట్ల మీద నలుగురైదుగురు కూర్చుని ఉంటారు. గుంటూరులో డైటీషియన్‌గా నాకిది పద్నాలుగో సంక్రాంతి. మొహాలు మారతాయి గానీ మాట మారదు. "మేడమ్, నాలుగు రోజుల్లో మూడు కిలోలు పెరిగాను, వారంలో దించెయ్యాలి" అంటారు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, "నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదండీ" అని గొప్పగా చెబుతారు. నాకు టెన్షన్ పుట్టేది ఈ రెండో మాటకే.

ఈసారి పొద్దున తొమ్మిదింటికి ఒకరికి, పదింటికి ఇంకొకరికి, మధ్యాహ్నం ఫోన్లో మా పిన్నికి ఇదే పాఠం చెప్పాను. పిన్ని అంతా విని, "సర్లేవే, ఇంతకీ నిమ్మకాయ నీళ్ళు ఎన్ని గ్లాసులు తాగాలి?" అంది. ఇక లాభం లేదని రాయడానికి కూర్చున్నా.

అపోహ: పెరిగిన మూడు కిలోలూ కొవ్వే

ఒంట్లో ఒక కిలో కొవ్వు అంటే సుమారు 7,700 క్యాలరీలు. మూడు వద్దు, రెండున్నర కిలోల కొవ్వు పట్టాలన్నా రోజూ తినే తిండికి పైన 19,000 పైచిలుకు క్యాలరీలు లోపలికి వెళ్ళాలి. మా అమ్మ చేసిన అరిసెని వంటింటి కాటా మీద పెడితే 45 గ్రాములు తూగింది. తడిపిండి, బెల్లం పాకం, నువ్వులు, రెండు గరిటెల మధ్య ఎంత నొక్కినా లోపల మిగిలిపోయిన నెయ్యి, అన్నీ కలిపి 200 క్యాలరీలకి అటూ ఇటూ. అంటే భోగి నుంచి ముక్కనుమ దాకా నాలుగు రోజులూ మామూలు భోజనంలో మెతుకు తగ్గించకుండా, ఆ పైన రోజుకి ఇరవై నాలుగు అరిసెలు తినాలి. మా తాతయ్య పందెం కాసి కూడా పన్నెండు దగ్గర చేతులెత్తేశాడట.

మరి మెషీన్ మీద అంకె ఎందుకు పెరిగింది? ఎక్కువ భాగం నీరు. మనం తిన్న అన్నం, బెల్లంలో కొంత గ్లైకోజెన్‌గా మారి కండల్లో, లివర్‌లో నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని వెంటబెట్టుకుని కూర్చుంటుంది. పెద్దవాళ్ళ ఒంట్లో ఈ నిల్వ మొత్తం అర కిలో దాకా ఉండొచ్చు కాబట్టి, అది నిండినా తరిగినా కిలో, కిలోన్నర తేడా ఇట్టే వస్తుంది. ఆ పైన ఉప్పు. పులిహోర, జంతికలు, చేగోడీలు, ఊరగాయలు, కనుమ నాడు గారెల్లోకి నాటుకోడి పులుసు... ఉప్పు ఎంత పడితే ఒళ్ళు అంత నీరు పట్టి ఉంచుతుంది. పొద్దున లేవగానే ఉంగరం బిగుసుకుంటే అదే సంగతి. ఇక నాలుగు రోజులు పిండివంటలు తప్ప కూర మొహం చూడని కడుపులో ఏం పేరుకుని ఉంటుందో విడమర్చి చెప్పక్కర్లేదు. దానికీ బరువుంటుంది.

ఇది నా మీద నేనే చూసుకున్నాను. మూడేళ్ళ కిందట భోగి పొద్దున 61.4 ఉన్నదాన్ని, ముక్కనుమ మర్నాడు చూస్తే 64. పది మందికి చెప్పేదాన్నే అయినా గుండె జారింది, అబద్ధమెందుకు. పట్టుబట్టి ప్రత్యేకంగా ఏమీ చెయ్యలేదు. అన్నం, పప్పు, ఏదో ఒక కూర, మజ్జిగ, సాయంత్రం ఎన్టీఆర్ స్టేడియంలో నడక. తొమ్మిదో రోజుకి 62. ఆ మిగిలిన 600 గ్రాములే పండగ నా ఒంటి మీద పెట్టిపోయిన అసలు అప్పు. అది తీరడానికి ఫిబ్రవరి అంతా పట్టింది.

అమెరికాలో ఇలాంటి లెక్కే 195 మంది పెద్దవాళ్ళ మీద తీసి, 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వేశారు. అక్కడి పండగలు నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్‌తో మొదలై కొత్త సంవత్సరం దాకా నడుస్తాయి. అన్ని వారాల్లో సగటున పెరిగింది 0.37 కిలోలు. తాము అంతకన్నా చాలా ఎక్కువ పెరిగామని వాళ్ళు అనుకున్నారు. ఆ జనమూ మన జనమే, భయంలో తేడా లేదు. అయితే అదే పరిశోధనలో ఇంకో మాట కూడా ఉంది. ఆ పెరిగిన కాస్తా ఏడాది తిరిగినా సగటున తగ్గలేదు. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

అపోహ: నాలుగు రోజులు లంఖణం చేస్తే సరి

నేను ఇదంతా రాస్తున్నది దీని కోసమే.

"లంఖణం పరమౌషధం" అన్న పెద్దలు జ్వరాన్నీ అజీర్ణాన్నీ చూసి అన్నారు. షుగర్‌కి గ్లిమిపిరైడ్ వేసుకునేవాళ్ళని చూసి అనలేదు.

బ్రాడీపేట నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చేవారు. షుగర్ వచ్చి తొమ్మిదేళ్ళు. చాలా పద్ధతైన మనిషి, ఏ రీడింగ్ ఎప్పుడు తీసుకున్నదీ చిన్న నోటుబుక్కులో రాసి తెచ్చేవారు. ఓ సంక్రాంతికి మనవరాలు ఊరికే, "అమ్మమ్మా, జాకెట్టు బిగుసుకుపోయిందే" అందట. అంతే, కనుమ మర్నాటి నుంచి నిమ్మరసం నీళ్ళు తప్ప ఏమీ లేదు. మాత్ర మాత్రం రోజూ టైముకి వేసుకున్నారు. "మందు మానకూడదు కదమ్మా" అన్నారు నాతో తర్వాత. మూడో రోజు పొద్దున తులసికోట దగ్గర చెంబుతో నీళ్ళు పోస్తూ కూలబడిపోయారు. చీరంతా చెమట, మాట ముద్దముద్దగా వస్తోంది. పక్షవాతమేమోనని ఇల్లంతా గోల. అల్లుడికి ఆవిడ నోటుబుక్కు పక్కన ఉన్న గ్లూకోమీటరు గుర్తొచ్చి చూస్తే 48. ఇంకా మింగగలుగుతున్నారు కాబట్టి పంచదార నీళ్ళు తాగించి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఒక రాత్రి అక్కడే ఉంచుకున్నారు. ఈ మాత్ర ప్రభావం రోజంతా ఉంటుంది. ఒకసారి తేరుకున్నా షుగర్ మళ్ళీ పడిపోవచ్చు.

ఆవిడ చేసిన తప్పేమీ నాకు కనిపించదు. మందు మానొద్దని మేమే చెప్పాం, బరువు తగ్గమనీ మేమే చెప్పాం. రెండూ కలిస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు.

గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు మీరు తిన్నారా లేదా అని చూడవు, పాంక్రియాస్ చేత ఇన్సులిన్ వదిలిస్తాయి. ఇన్సులిన్ ఇంజెక్షన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి ఈ భయం తక్కువ. అందుకని ముందు మీ మందుల చీటీ తీసి పేర్లు చూసుకోండి. భోజనం మానేసి మాత్ర వేసుకోవడం, భోజనం మానేశాం కదా అని సొంతంగా మాత్ర మానేయడం, రెండూ వద్దు. ఉపవాసం ఉండి తీరాలనుకుంటే ముందు డాక్టరుగారిని అడగండి, మోతాదు ఆయన మారుస్తారు. వణుకు, చెమట, గుండె దడ, కళ్ళు మసకబారడం ఉండి షుగర్ 70 కన్నా తక్కువ వస్తే మూడు చెంచాల పంచదార నీళ్ళల్లో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకి మళ్ళీ చూడండి. పెరగకపోతే ఇంకోసారి ఇవ్వండి. తేరుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం చుక్క కూడా పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చెయ్యండి.

షుగర్ లేనివాళ్ళకి ప్రాణం మీదికి రాకపోయినా, ఒరిగేదీ ఏమీ లేదు. మూడు రోజులు మాడితే పోయేది ముందు ఆ గ్లైకోజెన్, దాని వెంట ఉన్న నీరు. "చూశారా మేడమ్, రెండు కిలోలు దిగింది!" ఆదివారం బిర్యానీ తినగానే నీరు తిరిగొస్తుంది, మనిషి మళ్ళీ మెట్ల మీద కూర్చుంటాడు. కొన్నేళ్ళ కిందట ఊళ్ళో సగం మంది అన్నం మానేసి కొబ్బరినూనె తాగిన రోజులు గుర్తున్నాయి కదా. మొదటి వారం అంత జోరుగా తగ్గడం వెనక ఎక్కువగా ఉన్నది ఈ నీళ్ళ లెక్కే. పస్తులు సాగదీస్తే కండ కూడా కరుగుతుంది. మరీ వేగంగా తగ్గేవాళ్ళకి పిత్తాశయంలో రాళ్ళు వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

ఒకమ్మాయి గురించి కూడా చెప్పాలి. ఇంటర్ చదువుతోంది, పండక్కి హాస్టల్ నుంచి వచ్చింది. పేరంటానికి వచ్చిన ఓ అత్తయ్య వరస ఆవిడ అందరి ముందూ "ఏమే, ఇంత లావయ్యావేంటి?" అంది. ఆ పిల్ల మార్చిలో నా దగ్గరికొచ్చేసరికి రోజుకి ఒక పూటే తింటోంది, రెండు నెలలుగా నెలసరి లేదు, దువ్వెన నిండా జుట్టు. బరువు మొదట్నుంచీ సరిగ్గానే ఉంది. నేను డైట్ చార్టు ఇవ్వలేదు. వాళ్ళమ్మని బయట కూర్చోబెట్టి గంటసేపు కబుర్లు చెప్పించుకున్నాను, తర్వాత సైకాలజిస్టు దగ్గరికి పంపాను. ఆ అత్తయ్యగారు కూడా తర్వాత నెలలోనే నా దగ్గరికి వచ్చారు, బరువు తగ్గడానికి. నేనేమీ అనలేదు. అనాల్సిందేమో.

అసలు బరువు స్టీలు డబ్బాలో ఉంది

ఇందాక మళ్ళీ వస్తానన్న మాట ఇదే. పండగ నాలుగు రోజులు. డబ్బా నలభై రోజులు. అమ్మ ఇచ్చినవి, అత్తగారు పంపినవి, వియ్యాలవారు తెచ్చినవి అన్నీ ఫ్రిజ్ మీద వరసగా ఉంటాయి. టీ పెట్టుకున్నప్పుడల్లా చెయ్యి దానంతటదే పైకి వెళుతుంది. టీతో రోజుకో సున్నుండ, చిన్నదే, 150 క్యాలరీలు అనుకుందాం. నలభై రోజులకి 6,000. అది ముప్పావు కిలో నిఖార్సైన కొవ్వు, నీరు కాదు. ఈలోపు మాఘమాసం పెళ్ళిళ్ళు. దసరా, దీపావళి, కార్తీక వనభోజనాలు, క్రిస్మస్ కేకులు అంతకు ముందే అయిపోయాయి. అర కిలో అర కిలో చొప్పున పదేళ్ళలో నడుము ఎలా మారుతుందో ఊహించుకోవచ్చు.

కాబట్టి పండగ నాడు సంతోషంగా తినండి, ముక్కనుమ మర్నాడు డబ్బా సంగతి చూడండి. సగం ఆఫీసుకి పట్టుకెళ్ళండి, వాచ్‌మన్ పిల్లలకి పెట్టండి, మిగిలింది అటక మీదకి ఎక్కించండి. స్టూలు వేసుకుని ఎక్కాలంటే సగం సార్లు మనమే వద్దనుకుంటాం. నేను ఎవరికైనా ఇచ్చే పండగ డైటు ఇంతే. ఫీజు తీసుకోవాలంటే మొహమాటంగా ఉంటుంది.

మిగతావి గబగబా

బెల్లంతో చేస్తే లావెక్కరా? ఎక్కుతారు. గ్రాముకి వచ్చే క్యాలరీలు బెల్లానికీ పంచదారకీ దాదాపు ఒకటే, షుగర్ ఉన్నవాళ్ళకి రెండూ రెండే.

వేణ్ణీళ్ళల్లో నిమ్మకాయ, తేనె కొవ్వుని కరిగించవు. పైగా పెద్ద చెంచా తేనెకి 60 క్యాలరీలు. రుచికి తాగుతానంటే మీ ఇష్టం.

గుంటూరు కారం తింటే కొవ్వు కరుగుతుందని మన ఊళ్ళో ఒక ధీమా. అదే నిజమైతే ఈ జిల్లాలో నా ప్రాక్టీసు ఎప్పుడో మూతపడేది. మిరపలోని క్యాప్సైసిన్ ఒంట్లో వేడి కాస్త పెంచుతుంది, కానీ కారంపొడి అన్నంలో మీరు పోసుకునే నెయ్యిని కూడా అది ఖర్చు పెట్టలేదు.

రాత్రి అన్నం మానేసి చపాతీ: నూనె వేసి కాల్చిన నాలుగు చపాతీలు ఏ రకంగానూ అన్నానికి తీసిపోవు. చెమట పడితే కొవ్వు పోదు, నీరు పోతుంది.

కాటా ఎప్పుడు ఎక్కాలి

పండగ అయిన పది రోజుల వరకు ఎక్కొద్దు. ఆ తర్వాత వారానికోసారి, పొద్దున బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, తేలికపాటి బట్టలతో. ఆడవాళ్ళకి నెలసరి ముందు రోజుల్లో నీరు చేరి కిలో దాకా తేడా వస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. టేపు ఉంటే ఇంకా మంచిది. మన దేశపు ఒళ్ళకి నడుము చుట్టుకొలత మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకుండా చూసుకోమంటారు.

గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి మాత్రం పది రోజుల మాట వర్తించదు. మీరు రోజూ చూసుకోవాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, కాళ్ళు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా దాన్ని అరిసెల మీదకి తోసెయ్యకండి. ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

మెషీన్‌ని గట్టిగా, సమంగా ఉన్న నేల మీద, ఎప్పుడూ ఒకే చోట పెట్టండి. మా ఇంట్లో హాల్లో చూస్తే ఒక అంకె, వంటింట్లో ఎగుడుదిగుడు నాపరాళ్ళ మీద చూస్తే 800 గ్రాములు తక్కువ. ఈ సంగతి మా అమ్మకి నాకన్నా ముందే తెలుసట. ఆవిడ ఎప్పుడూ వంటింట్లోనే చూసుకుంటుంది.