కొలిచిన లెక్క ఎవరికి చేరాలి? విశాఖ సెన్సర్ల వెనకటి కథ

విశాఖపట్నంలో సెన్సర్లు, సీసీ కెమెరాలు, స్మార్ట్ మీటర్ల ప్రస్తావన వస్తే చాలామంది దాన్ని 2015 తర్వాత స్మార్ట్ సిటీ పథకంతో మొదలైన వ్యవహారంగానే చూస్తారు. కానీ ఒకదాన్ని కొలవడం, కొలిచినదాన్ని ఊరందరికీ తెలియజేయడం ఇక్కడ అంతకంటే చాలా పాత అలవాట్లు. మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకున్న గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల కట్టించారు. డాల్ఫిన్ నోస్ కొండ మీద జెండా కొయ్య నాటించి, రోజూ ఉదయం సరిగ్గా 9 గంటలకు జెండా దించే ఏర్పాటు చేశారు. ఓడలో ఉన్నవారైనా, వీధిలో ఉన్నవారైనా కొండ వైపు చూస్తే చాలు, సమయం తెలిసేది. 1856లో ఆయన కన్నుమూశాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ వేధశాలను నడిపించి, వాతావరణ పరిశీలనలు కొనసాగించి, 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని కూడా నమోదు చేశారు. ఈ కథనానికి ముఖ్యమైనది మాత్రం వేధశాలలోని దూరదర్శిని (టెలిస్కోపు) కాదు, ఆ జెండా. పరికరం లోపల చెప్పిన మాట అదే నిమిషంలో బయటికి వచ్చేది, దాన్ని చదవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆ తర్వాత వచ్చిన పరికరాలన్నింటికీ ఈ గుణం లేదు. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. 1937 నుంచి ఇక్కడి సముద్ర మట్టం లెక్కలు అంతర్జాతీయ దస్త్రాల్లో ఉన్నాయి. ఆ మట్టాన్ని కొలవడానికి భారత సర్వే విభాగం నిర్వహించిన ఆటుపోట్ల మాపకం దశాబ్దాల పాటు తన పని తాను చేసుకుపోయింది గాని, దాని లెక్కలు తీరికగా విశ్లేషణకు వెళ్లేవి తప్ప అప్పటికప్పుడు ఎవరినీ హెచ్చరించేవి కావు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు తూర్పు తీరంలోని మాపకాలు అలలను నమోదు చేశాయి, ఆ నమోదును మనుషులు చూసింది మాత్రం అలలు వచ్చి వెళ్లాక. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్‌లో 2007 అక్టోబరులో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలయ్యాకే, తీరం వెంబడి మాపకాలు ఉపగ్రహం ద్వారా అప్పటికప్పుడు కబురు పంపే పద్ధతి స్థిరపడింది. ఇప్పుడు అందరి నోటా వినిపించే అనుసంధాన సెన్సర్ అనే మాటకు అసలు అర్థం ఇదే. కొలిచే పరికరం కొత్తది కానక్కర్లేదు, దానికి నోరు రావాలి.

సెన్సర్ల చుట్టూ తిరిగే ఇలాంటి కొత్త మాటలు పుట్టింది వేరే చోట. వస్తువులే నెట్ ద్వారా కబురు పంపే వ్యవస్థకు వస్తువుల ఇంటర్నెట్ అన్న పేరు 1999లో సాంకేతిక నిపుణుడు కెవిన్ ఆష్టన్ పెట్టినది. పరిమాణం, వేగం, వైవిధ్యం అనే మూడు లక్షణాలతో బిగ్ డేటా, అంటే మామూలు పద్ధతులకు లొంగనంత భారీ సమాచారపు సమస్యను 2001లో వివరించినది విశ్లేషకుడు డగ్ లేనీ. ఇద్దరి దృష్టీ అప్పట్లో వ్యాపారాల మీదే ఉండేది, నగరాల మీద కాదు.

విశాఖను ఈ దారి పట్టించింది ఒక విపత్తు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా నగరం మీదే తీరం దాటింది. దాన్ని కనిపెడుతూ వచ్చిన కైలాసగిరి మీది డాప్లర్ రాడార్ ఆ గాలికే దెబ్బతింది. కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. కూలిన వీధిదీపాల స్థానంలో పాతరకం దీపాలే మళ్లీ పెట్టకుండా, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈఈఎస్‌ఎల్ ద్వారా సుమారు 90 వేల ఎల్‌ఈడీ దీపాలు అమర్చారు. కొన్ని పదుల దీపాలకు ఒకటి చొప్పున ఉన్న స్విచ్చి పెట్టెకు సిమ్ కార్డు తగిలించి, అది వాడే కరెంటును దూరం నుంచే చూసే పద్ధతి పెట్టారు. వాడకం తగ్గితే ఆ వరుసలో కొన్ని దీపాలు ఆరిపోయాయని లెక్క. నగరవాసికి ఏ ఇబ్బందీ పెట్టకుండా, అడగాల్సినదే అడిగే సెన్సర్ వ్యవస్థకు ఇంతకంటే మంచి ఉదాహరణ నా దృష్టికి రాలేదు.

ఆ పనులు నడుస్తుండగానే 2015 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ఒబామా పర్యటన సందర్భంగా అజ్మీర్, అలహాబాద్‌లతో పాటు విశాఖను స్మార్ట్ నగరంగా తీర్చిదిద్దే ఒప్పందం కుదిరింది. అదే ఏడాది జూన్ 25న కేంద్రం స్మార్ట్ సిటీస్ మిషన్ ప్రారంభించగా, 2016 జనవరి 28న ప్రకటించిన తొలి 20 నగరాల జాబితాలో విశాఖకు 8వ స్థానం దక్కింది. కెమెరాలు, ట్రాఫిక్ సిగ్నళ్లు, వీధిదీపాల సమాచారమంతా ఒక గది గోడ మీది తెరలకు చేర్చే కేంద్రం ఇక్కడా వెలిసింది. పథకం 2025 మార్చి 31తో ముగిసింది, గది మిగిలింది. ఆ తెరలు లోపలివారి కోసమే. జెండా కొయ్యకూ ఈ గదికీ తేడా అక్కడే ఉంది.

ఆ తేడా ఎంత ఖరీదైనదో నగరానికి తెలియజేసినవి ఫ్యాక్టరీలు. 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్‌పీజీ లీకై చెలరేగిన మంటల్లో సుమారు 60 మంది చనిపోయారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురం దగ్గరి ఎల్‌జీ పాలిమర్స్‌లో ట్యాంకు నుంచి ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే రసాయనం ఆవిరిగా వెలువడి 12 మంది ప్రాణాలు పోయాయి, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. స్టైరీన్‌ను చల్లగా ఉంచకపోతే తనంతట తానే గట్టిపడే చర్య మొదలవుతుంది. ఆ చర్య వేడి పుట్టిస్తుంది, వేడి మళ్లీ చర్యను పెంచుతుంది. నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన రాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీ 2020 జూలైలో ఇచ్చిన నివేదికలో ఒక చిన్న వివరం ఉంది: ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే పరికరం అడుగున మాత్రమే ఉంది. పైపొరలు వేడెక్కుతుంటే, కింద ఉన్న పరికరం తన దగ్గరి ఉష్ణోగ్రతనే చూపింది. అది అబద్ధం చెప్పలేదు, తప్పు చోట నిలబడి నిజం చెప్పింది. ఇక సైరన్ మోగించడానికి ఆవరణలో 36 చోట్ల మీటలున్నా, ఒక్కటీ నొక్కలేదని కూడా ఆ కమిటీ రాసింది. వేల సెన్సర్ల డేటాను ఎంత గొప్పగా విశ్లేషించినా, పరికరం ఎక్కడుంది, కబురు ఎటు వెళుతుంది అన్న ఈ రెండు ప్రశ్నలను దాటి ముందుకు పోలేము.

నిజానికి చట్టం ఈ సంగతిని ఎప్పుడో గుర్తించింది. భోపాల్ తర్వాత 1987లో, 2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టంలో చేర్చిన 41బి సెక్షన్, ప్రమాదాల వివరాలను కార్మికులకే కాక చుట్టుపక్కల జనానికి కూడా వెల్లడించాలని చెప్పింది. కాలుష్యం ఎక్కువగా ఉండే 17 రకాల పరిశ్రమలు పొగగొట్టాల దగ్గర నిరంతరం కొలిచే పరికరాలు పెట్టి, లెక్కలను ఆన్‌లైన్‌లో పంపాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014 ఫిబ్రవరి 5న ఆదేశించింది. అటువంటి లెక్కలను రాష్ట్ర మండళ్లు ప్రజలకు కనబడేలా పోర్టల్‌లో ఉంచాలని 2017 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు చెప్పింది.

గాలి విషయంలో ఈ ఊరి భూగోళమే ఒక చిక్కు. ఉత్తరాన కైలాస కొండలు, దక్షిణాన యారాడ కొండలు, మధ్యలో పళ్లెంలా రేవూ పరిశ్రమలూ. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009 కాలుష్య సూచీలో విశాఖ నూటికి 70.82 మార్కులతో తీవ్ర కలుషిత ప్రాంతాల వరుసలో చేరింది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలోనూ దానికి చోటు దక్కింది. అయినా రోజువారీ గాలి నాణ్యత బులెటిన్‌లో విశాఖ పేరిట కనిపించే అంకె ఏళ్ల తరబడి జీవీఎంసీ (నగరపాలక సంస్థ) పేరున్న ఒకే నిరంతర పరిశీలన కేంద్రం మీద ఆధారపడింది. ఆ అంకె కూడా సగటు కాదు, కొలిచిన కాలుష్యాల్లో అన్నిటికంటే ఎక్కువగా ఉన్నదాని సూచీ. పాతనగరంలో కిటికీ గడప మీద రోజూ నల్లదుమ్ము తుడిచే ఇల్లాలికి ఆ అంకె తన వీధిదేనా అని అనుమానం వస్తే, ఆమెను తప్పుపట్టలేం.

ఇక ఇంటి లోపలి సంగతి. నెలకోసారి మనిషి వచ్చి మీటరు చూసి రాసుకునే పద్ధతిలో ఇంటి నుంచి బయటికి వెళ్లేది నెలకు ఒకే అంకె. స్మార్ట్ మీటరు 15 నిమిషాలకోసారి నమోదు చేస్తే, 30 రోజుల నెలకు 2,880 అంకెలు అవుతాయి. ఇంటివాళ్లు ఎప్పుడు లేచారు, ఎప్పుడు తాళం వేశారు, ఏసీ ఎన్నింటిదాకా నడిచింది అన్నవి వాటిలోంచి ఊహించవచ్చు. కరెంటు వాడకపు తీరు నుంచే ఇంట్లో ఏ పరికరం నడుస్తోందో గుర్తుపట్టే పద్ధతిని 1980లలో ఎంఐటీలో రూపొందించిన జార్జ్ హార్ట్ స్వయంగా, అది నిఘాకు పనికొస్తుందని 1989లోనే హెచ్చరిస్తూ రాశారు. 2021 జూన్‌లో ఆమోదం పొందిన కేంద్ర పథకం కింద దేశమంతటా కోట్ల మీటర్లు మార్చే పని నడుస్తోంది, విశాఖ కేంద్రంగా ఉన్న విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీఈపీడీసీఎల్ పరిధి దానికి మినహాయింపు కాదు. దొంగతనాలూ సరఫరా నష్టాలూ పట్టుకోవడానికి ఆ అంకెలు ఉపయోగపడతాయన్నది నిజమే. కాని ట్యాంకు వేడి గోడ దాటి రాని ఊళ్లో, ఇంటి దినచర్య మాత్రం గోడ దాటుతోందన్న వైపరీత్యం కూడా నిజమే.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తేల్చింది. దాని తర్వాత 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు వెలువడ్డాయి. కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలను మినహాయించే వీలు ఆ చట్టంలోని 17వ సెక్షన్‌లో ఉంది. గాలి, ట్యాంకు, పొగగొట్టం ఎవరి వ్యక్తిగత సమాచారమూ కావు కనుక వాటి వెల్లడికి ఆ చట్టం అడ్డు రాకూడదు. ఈ నిబంధనలకు నెల ముందు, 2025 అక్టోబరు 14న, విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో గిగావాట్ స్థాయి ఏఐ డేటా కేంద్రం కడతామని గూగుల్ ప్రకటించింది. కాని ఇళ్ల నుంచీ వీధుల నుంచీ సేకరించే సమాచారం మీద పౌరుడి సమ్మతి, ఫిర్యాదుకు సంబంధించి ఆ డేటా రక్షణ చట్టంలోని ప్రధాన నిబంధనల అమలుకు ప్రభుత్వం ఇచ్చిన గడువు 18 నెలలు. అవి అమల్లోకి రావలసింది 2027 మే నెలలో.